తాతగారి 28 ఇంచుల హెర్క్యులస్‌ని క్రూయిజర్‌లా మార్చడం: ఎంతవరకు కుదురుతుంది, ఎక్కడ మొదలుపెట్టాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: తాతగారి 28 ఇంచుల హెర్క్యులస్ పాతికేళ్ళుగా పశువుల కొట్టంలో పడి ఉంది. దాన్ని బాగుచేసి, లావు టైర్లు, వెడల్పాటి హ్యాండిల్ పెట్టి, అమెరికా బీచ్‌లలో కనిపించే క్రూయిజర్ సైకిల్‌లా చేసుకుని ఆదివారాలు తొక్కాలని మీ సరదా. ఊళ్ళో వెల్డింగ్ షాపు అతను "వెనక ఫోర్కు కోసి వెడల్పు చేసిస్తా, తర్వాత పౌడర్ కోటింగ్ కొట్టిద్దాం" అన్నాడు. పౌడర్ కోటింగ్ అంటే పొడి రంగు చల్లి, వేడికి కరిగించి పట్టించడం. ఇది మంచి పనేనా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

ముందు ఆ వెల్డింగ్ అతనికి వద్దని చెప్పేయండి. మిగతావి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. కొట్టంలో పాతికేళ్ళు నిలిచిన సైకిల్, బాగుచేయడం మొదలుపెట్టిన వారంలోనే పనికిరాకుండా పోవడం నేను చాలాసార్లు చూశాను. కోత, యాసిడ్, సాండ్ బ్లాస్టింగ్ (ఇసుక చిమ్మి పాత రంగు ఊడగొట్టడం). ఈ మూడింట్లో ఏదో ఒకటి కారణం అవుతుంది.

కోత ఎందుకు వద్దంటే, మీ ఫ్రేములో గొట్టాలు ఒకదానికొకటి నేరుగా వెల్డింగ్ చేసినవి కావు. మూలల్లో లగ్గులు అనే సాకెట్లు ఉంటాయి, గొట్టాలను వాటిలో దూర్చి ఇత్తడి కరిగించి అతికిస్తారు. బ్రేజింగ్ అంటారు దీన్ని. అక్కడ మామూలు ఆర్క్ వెల్డింగ్ పెడితే ఇత్తడి కరిగి వెల్డులో కలుస్తుంది, అతుకు గట్టిగా పట్టదు. పైకి బాగానే కనిపిస్తుంది. కొన్నాళ్ళకి ఆ అతుకు పక్కన, వేడికి బలహీనపడిన చోట, సన్నటి పగులు మొదలవుతుంది. వెనక గొట్టాలు రోడ్డు మీద విరిగితే పడేది మీరు.

ఇక క్రూయిజర్ సంగతి. ఆ సైకిల్ పుట్టిల్లు అమెరికా. 1933లో షికాగోలోని ష్విన్ కంపెనీ 2.125 ఇంచుల వెడల్పున్న బెలూన్ టైర్లతో సైకిల్ దింపింది. ఆర్థిక మాంద్యం రోజులు, సైకిళ్ళు అమ్ముడుపోవడమే కష్టంగా ఉండేది. కుర్రాళ్ళు ఎంత మోటుగా వాడినా తట్టుకునేలా బరువుగా, ఒకే గేరుతో, పెడలు వెనక్కి తొక్కితే పడే కోస్టర్ బ్రేకుతో చేశారు. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్ళు కొందరు ఆ పాత ష్విన్ ఫ్రేములనే కొండ మీదకి తీసుకెళ్ళి మట్టి దారిలో కిందకి వదిలేవారు. కిందకి వచ్చేసరికి కోస్టర్ హబ్బులో, అంటే ఆ బ్రేకు ఉండే చక్రం మధ్య భాగంలో, గ్రీజు మాడిపోయేది, మళ్ళీ కొత్తది నింపాల్సి వచ్చేది. 1976లో అక్కడ మొదలైన పందేనికి రీప్యాక్ అనే పేరు అలా వచ్చిందే. మౌంటెన్ బైక్ కథ ఆ పాత క్రూయిజర్లతోనే మొదలైంది. అంటే పాత సైకిల్‌ని ఇష్టమొచ్చినట్టు మార్చుకోవడం అపచారమేమీ కాదు. కాకపోతే వాళ్ళ చేతిలో ఉన్నది మొదటి నుంచీ లావు టైరు కోసం చేసిన ఫ్రేము. మీ దగ్గరున్నది ఇంగ్లిష్ రోడ్‌స్టర్, అంటే పెద్ద చక్రాల పాతకాలపు రోడ్డు సైకిల్. దాని లెక్కలు వేరు.

ఆ లెక్క ఒకసారి చూడండి. 28 x 1½ టైరు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం 635 మిల్లీమీటర్లు. క్రూయిజర్‌కి వేసే 26 ఇంచుల రిమ్ముకి అది 559. అంటే రిమ్ము అంచు ఒక్కో వైపు 38 మిల్లీమీటర్లు లోపలికి జరిగిపోతుంది. మీ సైకిల్‌కి ఉన్నది రాడ్ బ్రేకు, అంటే కేబుల్ బదులు ఇనప కమ్ములతో లాగేది. దాని రబ్బరు దిమ్మలు రిమ్ము లోపలి వైపు నుంచి పైకి లేచి పట్టుకుంటాయి. చిన్న రిమ్ము వేస్తే ఆ దిమ్మలు గాలిలో వేలాడతాయి, బ్రేకు పోయినట్టే. రెండోది, చక్రం మొత్తం ఎత్తు. ఇప్పుడున్న టైరుతో సుమారు 715 మిల్లీమీటర్లు, 26 x 2.125 వేస్తే సుమారు 667. దాంతో సైకిల్ రెండున్నర సెంటీమీటర్ల దాకా కిందకి దిగుతుంది. మన స్పీడు బ్రేకర్ల మీద, మలుపుల్లో వంగినప్పుడు పెడలు నేలకి కొడుతుంది. వెనక ఫోర్కు మధ్య 54 మిల్లీమీటర్ల టైరుకి చోటు చాలా ఇరుకు, మడ్‌గార్డ్ అయితే అసలు పట్టదు. డబుల్ స్టాండు కూడా పెద్ద చక్రం కొలతకి చేసిందే.

"అయితే కోస్టర్ బ్రేకు హబ్బు వేస్తే సరి కదా" అని కొందరు సలహా ఇస్తారు. వెనక చోటు సుమారు 110 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి హబ్బు వెడల్పు సరిపోతుంది. చిక్కు చువ్వల దగ్గర వస్తుంది. రోడ్‌స్టర్‌లో ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 చువ్వలు. దొరికే కోస్టర్ హబ్బులు ఎక్కువగా 36 రంధ్రాలవి. 40 రంధ్రాల రిమ్ముకి 36 హబ్బు అల్లితే చక్రం ఎప్పటికీ సరిగ్గా నిలవదు. 635 కొలతలో 36 రంధ్రాల రిమ్ము కావాలంటే నెదర్లాండ్స్ వంటి చోటి నుంచి తెప్పించుకోవాలి. ఓపిక, డబ్బు ఉంటే చేయండి. మొదటి సైకిల్‌కి మాత్రం నేను సలహా ఇవ్వను.

ఇంతకీ మీరు గమనించాల్సింది వేరే ఉంది. క్రూయిజర్‌లో మీకు నచ్చేది ఏమిటి? నిటారుగా కూర్చోవడం, పొడవాటి సైకిల్, గతుకులు మింగేసే మెత్తదనం, తీరిగ్గా సాగే నడక. ఇవన్నీ మీ హెర్క్యులస్‌లో ఇప్పటికే ఉన్నాయి. సీటు గొట్టం, హ్యాండిల్ గొట్టం బాగా వెనక్కి వాలి ఉంటాయి, ఫోర్కు ముందుకి వంగి ఉంటుంది, సీటు కింద స్ప్రింగులు ఉంటాయి. పాల క్యాన్లు, వడ్ల బస్తాలు మోసింది కాబట్టి మనకి అది బరువు పని సైకిల్‌లా కనిపిస్తుంది, అంతే. కాబట్టి ఫ్రేముని ముట్టుకోకుండా, రేపు మనసు మారితే మళ్ళీ పాత రూపానికి తెచ్చుకునేలా మార్పులు చేసుకోండి. తీసేసిన ప్రతి పాత పార్టునీ ఒక గోనె సంచిలో వేసి అటక మీద పెట్టండి.

ఇక పని ఎలా మొదలుపెట్టాలో చెప్తాను. చాలామంది రంగుతో మొదలుపెడతారు. నన్నడిగితే రంగు మాట చివరికి రావాలి, ముందు సైకిల్ తిరగాలి.

మొదట ఏదీ విప్పకుండా ఫొటోలు తీయండి. రాడ్ బ్రేకు కమ్ములు ఏది ఎటు నుంచి వెళ్ళిందో, మడ్‌గార్డ్ కమ్మి వాషరుకి లోపలా బయటా, ఇవి విప్పాక గుర్తుండవు. తర్వాత ముందున్న హెడ్ బ్యాడ్జి, అంటే హ్యాండిల్ గొట్టం మీది కంపెనీ బిళ్ళ చూడండి. దాని మీద ఇంగ్లండ్ పేరుంటే బర్మింగ్‌హామ్‌లో తయారై వచ్చిన సైకిల్. మద్రాసు దగ్గర అంబత్తూరులో టిఐ సైకిల్స్ 1949లో పెట్టారు, హెర్క్యులస్ సైకిళ్ళు అక్కడ 1951 నుంచి తయారయ్యాయి. మన ఊళ్ళలో దొరికేవి ఎక్కువ అంబత్తూరువే. అంతమాత్రాన చిన్నచూపు చూడక్కర్లేదు, పాత అంబత్తూరు ఫ్రేములు గట్టివి.

ఫ్రేము వంకర ఉందో లేదో చూడటానికి ఒక దారం చాలు. వెనక ఇరుసు కూర్చునే చోట ఒక వైపు దారం కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, వెనక రెండో వైపుకి బిగువుగా తెచ్చి కట్టండి. మధ్యలో సీటు గొట్టానికి రెండు వైపులా దారం దూరం కొలవండి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా పర్లేదు. అంతకు మించితే ఎప్పుడో గట్టిగా గుద్దుకున్న సైకిల్. హ్యాండిల్ గొట్టం వెనకాల, కింది గొట్టం అడుగున చేత్తో తడిమి చూడండి. రంగు ముడతపడి చిన్న ఉబ్బు తగిలితే ముందు నుంచి దెబ్బ తిన్నదన్నమాట. అలాంటి ఫ్రేము గోడకి అలంకారంగా పెట్టుకోవచ్చు, తొక్కడానికి వద్దు. ఇంకో చోటు కూడా ముఖ్యం. పెడళ్ళ ఇరుసు కూర్చునే డొక్కలో వాన నీళ్ళు చేరి లోపలి నుంచి తినేస్తాయి. స్క్రూడ్రైవర్ పిడితో చిన్నగా కొట్టి వినండి. ఖంగుమంటే మంచిదే, బొదబొదమంటే అనుమానించండి.

విప్పడానికి రెండు మూడు రోజుల ముందే ప్రతి నట్టు మీదా తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. అది లేకపోతే డీజిల్ కూడా పనిచేస్తుంది, కాకపోతే నిదానంగా. సీటు రాడ్డు కదలకపోతే పైనుంచి నూనె పోయడం వల్ల పెద్దగా లాభం ఉండదు. పెడళ్ళ ఇరుసు విప్పాక సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి, ఆ డొక్కలోంచి సీటు గొట్టంలోకి నూనె పోసి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున్నే పాత సీటు బిగించి, దాన్నే పట్టుకుని అటూ ఇటూ తిప్పితే చాలావరకు కదులుతుంది.

విప్పేటప్పుడు తిరుగుడు దిశ తెలియక మరలు పాడుచేసుకుంటారు. ఎడమ పెడలుకి రివర్స్ మర ఉంటుంది, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతుంది. పెడళ్ళ ఇరుసు డొక్కలో చైను వైపు కప్పుకి (బేరింగ్ గుండ్లు కూర్చునే గిన్నెకి) కూడా రివర్స్ మరే. అసలు ఆ కప్పుని తీయనే అక్కర్లేదు, లోపలే శుభ్రంగా తుడవండి. ఎడమ వైపు కప్పు మాత్రం మామూలు మర. మీది కాకుండా ఎవరిదైనా నాటింగ్‌హామ్ రాలీ అయితే ఇంకో చిక్కుంది. దాని కప్పుల మర ఇంచికి 26 చుట్లు, మిగతా ఇంగ్లిష్ పద్ధతి సైకిళ్ళకి 24. తెలియక బలవంతంగా ఎక్కిస్తే డొక్క మర అరిగిపోతుంది, దానికిక వైద్యం లేదు.

ఈ పని మొత్తంలో అసలు పరీక్ష కాటర్ పిన్నులది. క్రాంకుని, అంటే పెడలు బిగించే చేతిని, ఇరుసుకి పట్టి ఉంచే ఆ వాలు మేకులు ఏళ్ళ తరబడి అలాగే ఉండి అతుక్కుపోతాయి. చాలామంది నట్టు మొత్తం తీసేసి సుత్తితో చిన్న చిన్నగా పది దెబ్బలు కొడతారు, పిన్ను మర గొడుగులా విచ్చుకుపోతుంది, అప్పుడు డ్రిల్ పెట్టాల్సి వస్తుంది. పద్ధతి ఇదీ: నట్టుని పిన్ను చివరతో సమానంగా వచ్చేదాకా మాత్రమే వదులు చేయండి, మర కాస్త కాపాడబడుతుంది. క్రాంకు కింద, పిన్ను తల బయటికి వచ్చేందుకు చోటు వదిలి, నేలకి ఆనేలా ఒక ఇనప గొట్టం నిలబెట్టండి. ఇది లేకపోతే దెబ్బ మొత్తం లోపలి గుండ్ల మీద, కప్పుల మీద పడుతుంది. ఆ తర్వాత బరువైన సుత్తితో ఒకే ఒక్క గట్టి దెబ్బ. బెంచ్ వైస్ గానీ సీ క్లాంపు గానీ ఉంటే నొక్కి తీయడం ఇంకా మంచిది. ఇది రాలేదంటే అనుభవమున్న సైకిల్ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి, సిగ్గేం లేదు. కొత్త పిన్నులు కొనేటప్పుడు పాతవి చేత్తో పట్టుకెళ్ళండి. లావు ఒకటే అయినా వాలు కోసిన తీరులో తేడా ఉంటుంది. రెండు పిన్నులూ ఒకే రకానివి కాకపోతే రెండు పెడళ్ళు ఒక గీతలో ఉండవు, తొక్కేటప్పుడు కుంటినట్టు అనిపిస్తుంది.

గుండ్లు చవక, వాటి దగ్గర పిసినారితనం వద్దు. పాతవి మెరుస్తున్నా సరే, మొత్తం మార్చేయండి. పాతవీ కొత్తవీ కలిపి వేస్తే బరువు కొన్నింటి మీదే పడుతుంది. ఈ తరహా సైకిళ్ళలో మామూలుగా పెడళ్ళ ఇరుసుకి ఒక్కో వైపు పావు ఇంచి గుండ్లు 11, వెనక చక్రానికి ఒక్కో వైపు పావు ఇంచివి 9, ముందు చక్రానికి ఒక్కో వైపు 3/16 ఇంచివి 10 పడతాయి. అయినా కింద పాత పంచె పరిచి, రాలినవి లెక్కపెట్టుకోండి, ఎందుకంటే మీకు ముందు విప్పినవాళ్ళు ఏం వేశారో తెలియదు. చక్రం ఇరుసు మీద గుండ్లని నొక్కి పట్టే వాలు నట్టుని కోన్ అంటారు, దాని మీద గుండ్లు తిరిగే దారి చూడండి. అద్దంలా ఉండాలి. అక్కడ చిన్న గుంటలు పడి ఉంటే ఆ కోన్ మార్చాల్సిందే, ఎంత గ్రీజు పెట్టినా గరగర పోదు. బిగించేటప్పుడు చక్రం ఊగకూడదు, అలాగని వాల్వు బరువుకి కూడా కదలనంత బిగువుగా ఉండకూడదు. చక్రాన్ని ఎత్తి వదిలితే వాల్వు దానంతటదే కిందకి వచ్చి ఆగాలి. అదే సరైన బిగింపు.

తుప్పు విషయంలో మీకు నిజంగా పనికొచ్చేది ఆగ్జాలిక్ యాసిడ్. కెమికల్ షాపుల్లో పొడిగా దొరుకుతుంది. ప్లాస్టిక్ తొట్టిలో లీటరు నీటికి ఓ 15 గ్రాములు కలిపి, నట్లు, బెల్లు, చైన్ కవరు, క్రాంకు వంటివి కొన్ని గంటలు నాననివ్వండి. తుప్పు కరుగుతుంది, దాని కింద మిగిలిన రంగు, క్రోమ్ చాలావరకు అలాగే ఉంటాయి. తీశాక వంట సోడా కలిపిన నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె పూయాలి. ఆలస్యమైతే మళ్ళీ ఎర్రబారుతుంది. ఇది విషం. చేతికి తొడుగులు, కంటికి అద్దాలు తప్పనిసరి, పిల్లలు, పశువులు ఉన్నచోట తొట్టి వదిలి వెళ్ళకండి. అంత రిస్కు వద్దనుకుంటే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు కూడా పనిచేస్తుంది, కాకపోతే గంటకోసారి తీసి చూడాలి, ఎక్కువసేపు ఉంచితే ఇనుము నల్లబడుతుంది, రంగు కూడా దెబ్బతినొచ్చు. రిమ్ములు, హ్యాండిల్ మీద పైపై తుప్పుకైతే చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ ముక్కని నీళ్ళలో ముంచి రుద్దండి, క్రోమ్ గీతలు పడకుండా మెరుగు వస్తుంది. బాత్‌రూమ్‌లు కడిగే యాసిడ్ మాత్రం దగ్గరికి రానివ్వద్దు. అది క్రోమ్‌ని తినేస్తుంది, చువ్వల్ని, స్ప్రింగుల్ని పెళుసుగా చేస్తుంది, దాని ఆవిరికి పక్కనున్న పానాలు కూడా తుప్పు పడతాయి. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే అదే.

చక్రాల బెండు తీయించడం పాత మెకానిక్‌కే వదిలేయండి. రాడ్ బ్రేకు సైకిల్‌కి చక్రం పక్కలకి ఊగకపోవడం ఒక్కటే చాలదు, ఎత్తుపల్లాలు కూడా ఉండకూడదు. దిమ్మలు కింది నుంచి పట్టుకుంటాయి కదా, రిమ్ము ఒకచోట పైకి లేస్తే ప్రతి చుట్టుకీ బ్రేకు ఒకసారి పట్టి ఒకసారి వదులుతుంది. ఈ మాట మెకానిక్‌తో ముందే చెప్పండి. చువ్వలు తుప్పు పట్టి ఉంటే సగం సగం మార్చొద్దు, మొత్తం సెట్టు కొత్తది వేయించండి. బ్రేకు దిమ్మలు కూడా కొత్తవే. అన్నీ సరిగ్గా ఉన్నా వానలో తడిసిన క్రోమ్ రిమ్ము మీద ఈ బ్రేకు బలహీనమే. ఆ సంగతి గుర్తుపెట్టుకునే తొక్కాలి.

టైరు కొనేటప్పుడు 28 అన్న అంకె నమ్మి తెచ్చుకోకండి. ఇప్పటి హైబ్రిడ్ సైకిళ్ళ 28 కొలత 622 మిల్లీమీటర్లది, మీ రిమ్ము మీద అది ఎక్కదు. టైరు గోడ మీద 40-635 అని ఉండాలి. నల్ల టైరు ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతుంది. మీరు కోరుకునే క్రూయిజర్ కళ రావాలంటే ఇదే కొలతలో మీగడ రంగు టైర్లు ఉన్నాయి. ష్వాల్బే కంపెనీ డెల్టా క్రూయిజర్ అనే పేరుతో చేస్తుంది. దిగుమతి సరుకు కాబట్టి ధర కాస్త మండుతుంది. కానీ నల్ల ఫ్రేముకి మీగడ రంగు టైరు పడితే, మీరు ఆ వెల్డింగ్ అతని దగ్గరికి ఎందుకు వెళ్ళారో మర్చిపోతారు.

రంగు దగ్గర నాకు కాస్త పట్టుదల ఉంది, ముందే చెప్తున్నా. మట్టి కడగకుండా రంగు పోయిందని తీర్మానించకండి. గోరువెచ్చటి నీళ్ళు, కొంచెం సబ్బు, మెత్తటి గుడ్డ. ఆ బంకమట్టి కింద నల్ల ఎనామెల్, బంగారు గీతలు చాలావరకు బతికే ఉంటాయి. తర్వాత కార్లకి వాడే రబ్బింగ్ కాంపౌండ్ చాలా కొద్దిగా తీసుకుని, ముందు కనపడని చోట రుద్ది చూడండి, బంగారు గీతల మీద మాత్రం వద్దు, చెరిగిపోతాయి. చివరికి మైనం పాలిష్. రంగు లేచిపోయి ఇనుము కనపడే చోట తుప్పు శుభ్రం చేసి, ఉడికించిన అవిసె నూనెని (బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్) గుడ్డతో పలచగా పూసి ఆరనిస్తే చాలాకాలం ఆగుతుంది. ఆ నూనె గుడ్డని ఉండచుట్టి మూల పడేయకండి, దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. పరిచి ఆరబెట్టి పారేయండి.

మన వైపు చైన్ కవరు మీదో, పైగొట్టం మీదో బోర్డులు రాసే పెయింటరు చేత పేరు రాయించుకునేవాళ్ళు చాలామంది ఉండేవారు. మీ తాతగారి పేరు దొరికితే అక్కడ చెయ్యి పెట్టకండి. పాత సైకిల్ పన్ను బిళ్ళ ఏదైనా ఫ్రేముకి బిగించి ఉంటే దాన్నీ అలాగే ఉంచండి. కొత్త రంగు ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు, ఇది మాత్రం పోతే పోయినట్టే.

రంగు నిజంగానే పోయి, వేయక తప్పదంటే పౌడర్ కోటింగ్ కంటే కారు పెయింటర్ చేత ఆటో పెయింట్ కొట్టించడమే నాకు ఇష్టం. పౌడర్ గట్టిదే, ఎండకీ వానకీ తట్టుకుంటుంది, కానీ మందంగా ఉండి లగ్గుల అంచులన్నీ పూడ్చేస్తుంది, ఇంగ్లిష్ ఫ్రేము అందమంతా ఆ అంచుల్లోనే ఉంది. అయినా పౌడరే కావాలంటే, డొక్క మరలోకి, హ్యాండిల్ గొట్టం లోపలికి పౌడర్ పోకుండా మూయించండి. సాండ్ బ్లాస్టింగ్ అతనికి ఇది పలచని గొట్టం అని చెప్పి, ఒకేచోట ఎక్కువసేపు పట్టొద్దని దగ్గర నిలబడి చూసుకోండి. హెడ్ బ్యాడ్జి ముందే తీసేయాలి. మీరే ఇంట్లో పాత రంగు గీకేటట్టయితే పొడిగా రుద్దకండి, ఆ కాలపు రంగుల్లో సీసం ఉండొచ్చు. నీళ్ళు పోస్తూ వాటర్ పేపర్‌తో రుద్దండి, ముక్కుకి మాస్కు కట్టుకోండి. బంగారు గీతలకి స్టిక్కర్లు దొరుకుతాయి కానీ, చేత్తో లైనింగ్ గీసే పాత పెయింటరు ఎవరైనా ఊళ్ళో మిగిలి ఉంటే ఆయన చేతే గీయించండి. కొంచెం వంకర వచ్చినా చేతి గీతకి ఉండే కళ వేరు.

క్రోమ్ పూత మళ్ళీ వేయించడం ఖరీదైన సరదా. రిమ్ములకి ఆ ఖర్చు దండగ, కొత్త రిమ్ములే తక్కువకి వస్తాయి. హ్యాండిల్, క్రాంకులు, చైన్ చక్రం లాంటి గుర్తింపు ఉన్న వాటికైతే వేయించుకోవచ్చు. రాగి, నికెల్, ఆ పైన క్రోమ్ వేస్తారా అని అడగండి. పాలిష్ పట్టి నేరుగా పలచగా వేసేది ఒక్క వానాకాలం కూడా ఆగదు.

ఇప్పుడు మీ సరదా మార్పులు. అన్నిటికంటే ఎక్కువ తేడా తెలిసేది కంటికి కనపడని చోట, ఫ్రీవీల్‌లో, అంటే వెనక చక్రానికుండే పళ్ళ చక్రంలో ఉంది. ఈ సైకిళ్ళకి మామూలుగా ముందు 48 పళ్ళు, వెనక 18. చదును రోడ్డు మీద బస్తాతో నిదానంగా వెళ్ళడానికి అలవాటైన కాళ్ళకి అది సరే గానీ, ఆఫీసు కుర్చీలో కూర్చునే మనకి ఫ్లైఓవర్ ఎక్కేసరికి ఆయాసం వస్తుంది. వెనక 22 పళ్ళ ఫ్రీవీల్ వేయించి, చైనుకి రెండు మూడు లింకులు కలపండి. తొక్కుడు దాదాపు అయిదో వంతు తేలికవుతుంది. క్రూయిజర్ నడక అంటే అదే. చైన్ కవరు లోపల 22 పళ్ళది తగలకుండా తిరుగుతుందో లేదో ముందే చూసుకోవాలి, ఫుల్ కవరు ఉంటే మరీను.

హ్యాండిల్ సంగతికొస్తే, వెడల్పాటి క్రూయిజర్ హ్యాండిల్ పెట్టాలంటే రాడ్ బ్రేకు లీవర్లు పోతాయి, ఎందుకంటే అవి హ్యాండిల్‌తో కలిసే ఉంటాయి. కేబుల్ బ్రేకు పెడదామంటే మీ రిమ్ముకి పక్కన చదునుగా పట్టుకునే చోటు లేదు. కాబట్టి హ్యాండిల్ అదే ఉంచి, ఒక ఇంచు పైకి లేపి, మంచి తోలు గ్రిప్పులు వేసుకోండి. పైకి లేపేటప్పుడు లోపలుండే గొట్టం కనీసం రెండున్నర ఇంచులు ఫోర్కులోనే మిగలాలి, రాడ్లు కూడా తిరిగి సర్దాలి. సీటు పాత తోలుదే అయితే ఎండి బిరుసెక్కి ఉంటుంది. తోలు నూనె పలచగా రెండు మూడు దఫాలుగా, ముఖ్యంగా అడుగు వైపు పట్టించి, మెత్తబడ్డాక చూడండి. చిరిగితే స్ప్రింగు సీటు కొత్తది. డైనమో ఉంటే తీసేయకండి. అది 6 వోల్టులది, వైర్లు మార్చి, సరిపోయే బల్బు వేస్తే చాలు.

స్పేర్ల కోసం ముందు మీ దగ్గరి పట్నంలో పాత సైకిల్ షాపు వెతకండి. ఇంకా మూతపడని వాటిలో, వెనక గదిలో దుమ్ము పట్టిన డబ్బాల్లో పాత స్టాకు ఉంటుంది, అడిగితే గానీ తీయరు. హైదరాబాద్‌లో గౌలిగూడ వైపు దుకాణాలు చూడొచ్చు, అక్కడా దొరక్కపోతే ఢిల్లీ ఝండేవాలాన్, లూధియానా. ఖర్చు మాటకొస్తే, పూర్తిగా చేయిస్తే కొత్త 28 ఇంచుల సైకిల్ ధర కంటే ఎక్కువే అవుతుంది, అందులో పెద్ద భాగం రంగుకీ క్రోమ్‌కీ పోతుంది. గుండ్లు, చువ్వలు, టైర్లు, దిమ్మలు, చైను, ఫ్రీవీల్ వరకే అయితే దానిలో చాలా తక్కువకి సైకిల్ రోడ్డెక్కుతుంది. అందుకే ముందు ఇంతవరకు చేసి ఒక నెల తొక్కండి. అప్పటికీ రంగు వేయించాలనిపిస్తే వేయించండి.

మొదట తొక్కేటప్పుడు జేబులో పానా ఉంచుకోండి. కొత్త కాటర్ పిన్నులు మొదటి కొన్ని కిలోమీటర్లలో సర్దుకుని వదులవుతాయి. పెడలు ప్రతి చుట్టుకీ టక్కుమంటే ఆపి, సుత్తితో పిన్నుని ఒకసారి దిగ్గొట్టి నట్టు బిగించాలి. అలాగే వదిలేసి తొక్కితే క్రాంకు రంధ్రం అరిగి కొత్త క్రాంకు కొనాల్సి వస్తుంది. ఆ వారంలోనే చువ్వల బిగువు కూడా మెకానిక్‌కి ఇంకోసారి చూపించండి.